హీట్ పంపు గారి పదవీ విరమణ

హాస్టల్లో నీళ్ళు కాచే యంత్రానికి శాలువా కప్పారట, దండ కూడా వేశారట, పెద్దాఫీసరు గారు కళ్ళు తుడుచుకున్నారట అని మా పక్కింటి నరసమ్మ సంతలో పసుపు కొమ్ములు అమ్ముకుంటూ మా ఆవిడతో చెప్పింది. నరసమ్మకి చెప్పింది హాస్టలుకి కూరగాయలు వేసే ఆటో అతను. అతను కళ్ళారా చూశాడో, ఇంకెవరో చూసింది విన్నాడో తెలీదు. మా ఆవిడ ఇంటికొచ్చి సంచీ దించుతూ, నరసమ్మ మాటల్లో సగం తీసేసినా దండ మిగులుతుంది కదా, ఏమిటి సంగతి అంది.

నరసమ్మ చెప్పినదాంట్లో తప్పు ఒక్కటే. ఆఫీసరు గారు తుడుచుకున్నది కళ్ళు కాదు, కళ్ళద్దాలు. మిగతాదంతా నిజం. సన్మాన పత్రం రాసి చదివింది నేనే.

మాది పనసలవలస. కింద మైదానంలో జనం ఫ్యాన్లు ఆపుకునే రోజుల్లో మేమిక్కడ కంబళ్ళు దులుపుకుంటాం. మార్గశిరం వచ్చిందంటే కుళాయి కింద పెట్టిన చెయ్యి మనదేనా అని రెండో చేత్తో తడిమి చూసుకోవాలి. నేను బి.ఏ. చదివి, ఉద్యోగం దొరక్క కొంతా, దొరికినచోట ఉండబుద్ధి కాక కొంతా, ఊరికి తిరిగొచ్చి పసుపూ మిరియాలూ వేసుకుంటున్నాను. తీరిక దొరికితే ఊళ్ళోవాళ్ళకి అర్జీలు రాసిపెడతాను. అందుకని ఏ బళ్ళోనూ పాఠం చెప్పకపోయినా అందరూ నన్ను మాస్టారూ అంటారు.

ఊరి చివర ఆడపిల్లల హాస్టలుంది. నూట నలభై మంది పిల్లలు, వార్డెను కరుణశ్రీ మేడం, ఆయా కిల్లో సొంబారి. స్నానాల గదుల వెనక సిమెంటు దిమ్మ మీద పద్నాలుగేళ్ళుగా ఒక హీట్ పంపు ఉంది. పొట్టి బీరువాలా ఉంటుంది. ముందు ఫ్యాను, వెనక సన్నటి అల్యూమినియం రేకుల వరస, పక్కన నీళ్ళ ట్యాంకు. అది ఎలా పనిచేస్తుందో మాకు విడమరిచి చెప్పింది వంతల బొంజుబాబు. ఐ.టి.ఐ. చదివి, ఊళ్ళో ఫ్రిజ్జులూ మోటార్లూ బాగుచేసుకుంటూ ఉంటాడు. ఫ్రిజ్జు తన కడుపులో ఉన్న వేడిని లాగి వీపు వెనక పారేస్తుందట. ఇదేమో ఊరి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్ళలో పారేస్తుందట. ఇంత చలిగాలిలో వేడి ఎక్కడుందిరా అని అడిగితే, "మనకి కనపడదు గానీ మాస్టారూ, దానికి కనపడుతుంది" అన్నాడు.

ఆ యంత్రానికి ఈ ఏడు దీపావళి దాటాక జబ్బు చేసింది. మొదట నీళ్ళు గోరువెచ్చగా వచ్చాయి. తర్వాత చలి విరిగినట్టు వచ్చాయి. తర్వాత అదీ లేదు. ముందువైపు చిన్న అద్దపు కిటికీలో నీళ్ళ వేడి ఎంతో చూపించే అంకె ఉండాల్సిన చోట, ఏదో ఇంగ్లీషు అక్షరమూ ఒక ఐదూ ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి.

బొంజుబాబు వచ్చి యంత్రాన్ని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూశాడు. ఫ్యాను ముందు అరచెయ్యి పెట్టాడు. లోపల వేడి ఊడ్చుకుని వదిలేసిన గాలి గనక అది బయటి గాలి కంటే చల్లగా ఉండాలట. ఇది ఊళ్ళో గాలి లాగే వస్తోందట. అంటే యంత్రం గాలి పీలుస్తోంది, వేడి పట్టుకోవడం లేదు. వెనక్కి వెళ్ళి రేకుల మధ్య తొంగిచూస్తే పద్నాలుగేళ్ళ సిల్వర్ ఓకు ఆకుల నుసి, కాఫీ తొక్కల దుమ్ము, సాలీడు గూళ్ళు అట్ట కట్టి ఉన్నాయి. పక్కన గొట్టానికి కట్టిన సన్నటి తీగని ఎలక కొరికేసింది. యంత్రానికి తన ఒళ్ళు ఎంత చల్లబడిందో చెప్పే తీగ అదే. అది తెగితే దానికి అనుమానం వచ్చి పదినిమిషాలకోసారి ఆగిపోతుంది.

"పూట పని" అన్నాడు. "బ్రష్షు, సబ్బునీళ్ళు, మూరెడు టేపు."

చెయ్యమంటే మాత్రం వెనక్కి తగ్గాడు. యంత్రం మీద వసతి యంత్రాల సంరక్షణ మండలి వారి లక్క ముద్ర ఉంది. ఉత్తర్వు లేకుండా మండలి వారి ఆస్తిని బాగుచేయడం నేరం. కిందటేడు వరండాలో బల్బు మాడిపోతే సొంబారి స్టూలెక్కి కొత్తది పెట్టింది. అనుమతి లేకుండా వెలుతురు కలిగించినందుకు సంజాయిషీ ఇమ్మని ఆవిడకి మెమో వచ్చింది. ఆ సంజాయిషీ నేనే రాశాను. వెలుతురు కలిగించాలన్న దురుద్దేశం తనకి ఏనాడూ లేదని ఆవిడ వేలిముద్ర వేశాక వదిలేశారు.

కట్టెల పొయ్యి మీద కాచుకుందామంటే గేటు మీద పొగరహిత వసతి గృహం అని బోర్డుంది. గ్యాసు వంటకే చాలదు. పిల్లలు స్నానాలు మానేశారు. వారానికి గజ్జి మొదలైంది, రెండో వారానికి దగ్గులు, జ్వరాలు. తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని తీసుకుపోతున్నారు. ఇంటికెళ్ళిన ఆడపిల్ల మళ్ళీ ఈ మెట్లెక్కడం మా వైపు అంత తేలిక కాదు. మిరియాల కోతకి ఒక చెయ్యి దొరికిందనుకుంటారు, కోత అయ్యాక సంబంధం చూస్తారు. సొంబారి రోజూ పొద్దున వరండాలో పిల్లల్ని లెక్కపెడుతుంది. నూట నలభై నూట ఇరవై ఒకటి అయిన రోజున కరుణశ్రీ మేడం నాకు కబురు పెట్టింది.

కాగితం తీసుకుని వెళ్తే, కాగితాల రోజులు పోయాయి మాస్టారూ అంది. ఇప్పుడంతా సమైక్య సేవా గవాక్షమే. ఈ గవాక్షం గురించి ఒక్క మాట చెప్పాలి. మండలిలో ఇదివరకు ఉద్యోగులకి ఒక రిజిస్టరు, యంత్రాలకి ఒక రిజిస్టరు ఉండేవి. వేసవిలో రెండింటినీ కలిపి కంప్యూటర్లో ఒకే కిటికీ చేశారు. మనిషికీ యంత్రానికీ తేడా చూపించడం పాతకాలపు ఆలోచన అని శిక్షణ తరగతుల్లో చెప్పారట. ఆ తరగతుల్లో భోజనం బాగుందని మేడం కూడా ఒప్పుకుంది.

ఫిర్యాదు ఫారం తెరిచాం. పేరు అన్నచోట హీట్ పంపు అని రాశాం. తండ్రి పేరు అన్నచోట ఖాళీగా వదిలితే కిటికీ ముందుకు కదల్లేదు. మేడం ఆలోచించి వర్తించదు అని రాసింది. కదిలింది. ఉద్యోగంలో చేరిన తేదీ అడిగింది. మేడం నా వంక చూసింది. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. సిమెంటు దిమ్మ మీద చెక్కిన తేదీ ఉంది కదా, అబద్ధం ఎందుకు, ఉన్నది ఉన్నట్టు రాయండి అన్నాను.

నాలుగో రోజున జవాబు వచ్చింది. శ్రీ హీట్ పంపు, తండ్రి వర్తించదు, పన్నెండేళ్ళ సేవాకాలం ముగించుకుని రెండేళ్ళ క్రితమే పదవీ విరమణ పొందవలసి యుండియు పొందకుండుట గమనింపబడినదనీ, విరమణానంతరం సదరు వారు చేసిన సేవలు స్వచ్ఛంద సేవలుగా పరిగణింపబడుననీ, సర్వీసులో లేనివారికి సర్వీసింగు చేయించు నిబంధన లేదనీ అందులో ఉంది. అయితే విశ్రాంత ఉద్యోగుల సంక్షేమ విభాగం ద్వారా వైద్య సదుపాయం పొందవచ్చునట. దానికి ముందుగా పదవీ విరమణ సభ జరిపి ఫోటోలు పంపాలి.

సభ జరిగింది. మండలి ఉపసంచాలకులు పురుషోత్తం గారు జీపులో గుమాస్తా నాగభూషణాన్ని, ఒక బ్యానరునీ వెంటబెట్టుకుని వచ్చారు. పురుషోత్తం గారు చెడ్డవారు కాదు. ఎవరినీ నువ్వు అనరు. యంత్రాన్ని కూడా వారు అనే అన్నారు. "వారు ఈ పద్నాలుగు వత్సరములలో ఒక్క సెలవు కూడా కోరియుండలేదు. ఆలస్యముగా విధులకు హాజరైన సందర్భము లేదు. పై అధికారులకు ఎదురు చెప్పిన దాఖలా లేదు. ఇట్టి క్రమశిక్షణ నేటి సిబ్బందిలో కొరవడినది" అంటూ నాగభూషణం వైపు చూశారు. నాగభూషణం నేల చూశాడు.

నేను సన్మాన పత్రం చదివాను. తర్వాత శాలువా కప్పారు. మంచి శాలువా, ఎర్రటి ఉన్ని, జరీ అంచు. పైనుంచి కిందికి ఫ్యాను పూర్తిగా కనపడకుండా కప్పి, గాలికి జారకుండా వెనక రేకుల మీదుగా పురికొసతో కట్టారు. మీద బంతిపూల దండ. పైన బహుమతిగా గోడ గడియారం. కార్యక్రమం కాగితంలో తర్వాతి అంశం సన్మాన గ్రహీత స్పందన. నాగభూషణం మైకు తీసుకెళ్ళి యంత్రం దగ్గర పెట్టాడు. రెండు నిమిషాలు అందరం విన్నాం. గుర్రుమంది, ఆగింది, మళ్ళీ గుర్రుమంది. క్లుప్తంగా మాట్లాడారని పురుషోత్తం గారు మెచ్చుకుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

బొంజుబాబు చేతులు కట్టుకుని ముందుకొచ్చి, అది వెనక రేకులతో పీల్చి ముందు ఫ్యానుతో వదిలే మనిషి లాంటిది సార్, శాలువా తీసేయకపోతే ఊపిరాడదు అని మనవి చేశాడు. పురుషోత్తం గారు ఓపిగ్గా విన్నారు.

"చూడు బాబూ, శాఖ కప్పిన శాలువాను శాఖ ఉత్తర్వు లేకుండా తీయుట శాఖను అగౌరవపరచుటయే. ప్రతి సోమవారం శాలువాతో ఫోటో తీసి గవాక్షంలో పెట్టవలెను."

మూడు రోజుల్లో శాలువా కింద రేకుల మీద బొటనవేలు మందాన మంచు గడ్డ కట్టింది. నీళ్ళు ఇదివరకు చల్లగా వచ్చేవి, ఇప్పుడు పళ్ళు జివ్వుమనేలా వచ్చాయి. సొంబారి లెక్కలో పిల్లలు నూట పదహారు.

ఫోటోలు చేరాయి, విరమణ క్రమబద్ధమైంది, ఇక వైద్యానికి అర్హత వచ్చిందనుకున్నాం. విశ్రాంత ఉద్యోగి ఎవరైనా సరే ముందు తాను బతికి ఉన్నట్టు ధ్రువీకరించుకోవాలని జవాబు వచ్చింది. లైఫ్ సర్టిఫికెట్టు కోసం పురుషోత్తం గారు మళ్ళీ ఘాట్ రోడ్డెక్కి వచ్చారు. ఈసారి నాగభూషణం చేతిలో ఒక ఫోనుంది. దాన్ని మొహానికి ఎదురుగా పెడితే చాలు, మనిషి ఉన్నాడో లేడో అదే తేలుస్తుందట.

మొహం ఎటువైపుంది అన్న దగ్గర కాస్త చర్చ జరిగింది. గుండ్రంగా ఉంది గనక ఫ్యానే మొహమని నాగభూషణం అభిప్రాయం. భావం పలికేది ఎక్కడో అదే మొహమని పురుషోత్తం గారు తేల్చారు. శాలువా అంచు కొత్త పెళ్ళికూతురి మేలిముసుగులా కాస్త ఎత్తి, ఎర్రగా మెరుస్తున్న అద్దపు కిటికీకి ఎదురుగా ఫోను పట్టారు. ఫోన్లోంచి ఒక ఆడగొంతు దయచేసి రెప్ప వేయండి అంది. అక్షరమూ అంకే ఆరిపోయి వెలిగాయి. మళ్ళీ రెప్ప వేయమంది. మళ్ళీ ఆరిపోయి వెలిగాయి. ఫోన్లో పచ్చటి గుర్తు పడింది. శ్రీ హీట్ పంపు, తండ్రి వర్తించదు, జీవించి ఉన్నారు.

పురుషోత్తం గారికి ఎంతో సంతోషమైంది. జిల్లాలో పెద్దవాళ్ళతో పది పదిహేనుసార్లు రెప్పలు వేయించాల్సి వస్తోందనీ, మొదటిసారికే నెగ్గినవారు వీరొక్కరేననీ అన్నారు. ఇంకో రుజువు కూడా ఉండాలని ఫ్యాను దగ్గర శాలువా కిందికి చెయ్యి పెట్టి చూసి, శరీరము చల్లబడలేదు అని నాగభూషణం చేత రాయించారు.

బొంజుబాబుకి ఉండబట్టలేదు. అలా వెలిగి ఆరడమే దాని జబ్బు సార్, బాగుంటే వెలగదు అన్నాడు.

"జబ్బు చేయుటకు ప్రాణముండవలెను గదా" అన్నారు పురుషోత్తం గారు.

తర్కం దగ్గర ఆయన ఎప్పుడూ తప్పు చేయలేదు.

వైద్యం మంజూరైంది. పేషెంటు పరగడుపున, గుర్తింపు కార్డుతో, ఒక సహాయకుణ్ణి వెంటబెట్టుకుని, కింద పట్నంలో గుర్తింపు పొందిన వర్క్‌షాపులో స్వయంగా హాజరు కావాలి. ఆయన సిమెంటు దిమ్మకి నాలుగు బోల్టులతో బిగించి ఉన్నారని, నీళ్ళ గొట్టాలు కూడా ఉన్నాయని రాశాం. అయితే మంచాన పడినట్టు ధ్రువపత్రం పంపండి అన్నారు. పంపాం. మంచం కొలతలు అడిగారు. దిమ్మ కొలతలు పంపాం. మంచం సిమెంటుది ఎందుకు అయినదో వివరించవలెను అని వచ్చేసరికి పుష్యమాసం వచ్చేసింది. పిల్లలు నూట తొమ్మిది.

ఆ శనివారం సొంబారి మా ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చుని, ఆ కాయితాలన్నీ ఒకసారి చదవండి మాస్టారూ అంది. అన్నీ చదివాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. చివరికి, శాలువా ఉతకొద్దని ఎక్కడైనా ఉందా అని అడిగింది.

మళ్ళీ చదివాను. తీయొద్దని ఉంది, మార్చొద్దని ఉంది, ఎవరికీ కప్పొద్దని ఉంది. ఉతకొద్దని లేదు.

"అలాగైతే రేపు ఉతుకుతాను. మాసిపోయింది" అంది సొంబారి.

మర్నాడు ఆదివారం ఎండ పొడవగానే మెయిన్ స్విచ్చి ఆపారు. తడి చేతులతో శాలువా విప్పుతారు కదా, జాగ్రత్త కోసమని. సొంబారి పురికొస విప్పి శాలువా బకెట్లో ముంచింది. బొంజుబాబు వచ్చి యంత్రం వెనక గొంతుక్కూర్చున్నాడు. అతను యంత్రాన్ని బాగుచేయడానికి రాలేదు. శాలువా ఉన్ని పోగులు కొన్ని రేకుల్లో చిక్కుకున్నాయి. శాఖ ఆస్తి పోగొట్టకూడదు గనక వాటిని ఏరడానికి వచ్చాడు. లక్క ముద్ర ముందువైపు తలుపు మీద ఉంది, దాని జోలికి పోలేదు.

పోగులు ఏరాలంటే ముందు మంచు కరగాలి. కరిగే దాకా కూర్చున్నాడు. తర్వాత పళ్ళు తోముకునే బ్రష్షు సబ్బునీళ్ళలో ముంచి, రేకుల వెంబడి పైనుంచి కిందికి దువ్వాడు. అడ్డంగా రుద్దితే రేకులు వంగిపోతాయట. అప్పటికే వంగినవి చాలా ఉన్నాయి. వాటిని తిన్నగా చేయడానికి పట్నంలో ఒక ప్రత్యేకమైన దువ్వెన దొరుకుతుందట, అతని దగ్గర లేదు. ఆడపిల్లల హాస్టల్లో దువ్వెనలకేం తక్కువ. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పేల దువ్వెన తెచ్చి ఇచ్చింది. దాంతో ఒక్కో వరసా దువ్వుతుంటే పద్నాలుగేళ్ళ మురికి తట్టెడు రాలింది. అడుగున నీళ్ళు పోయే కన్నం పూడుకుపోతే చీపురు పుల్లతో పొడిచాడు. ఎలక కొరికిన తీగ రెండు కొసలూ చెక్కి మెలిపెట్టి, టేపు చుట్టి, మళ్ళీ ఎలక పళ్ళు పడకుండా పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగాడు. ఆ ట్యూబు మా ఇంటిది.

స్విచ్చి వేశాక కాసేపు ఏమీ కాలేదు. తర్వాత యంత్రం గొంతు మారింది. ఆగి ఆగి దగ్గే మనిషి ఒక్కసారి గొంతు సవరించుకుని పద్యం ఎత్తుకున్నట్టుగా ఉంది. బొంజుబాబు సొంబారి చెయ్యి పట్టుకుని ఫ్యాను ముందు పెట్టాడు. ఆవిడ చటుక్కున వెనక్కి లాక్కుంది. మంచు గాలి. అద్దపు కిటికీలో ఎర్ర మెరుపు పోయి పదకొండు అన్న అంకె నిలకడగా వెలిగింది. తర్వాత పన్నెండు. సాయంత్రం ఎండ వాలేసరికి యాభై ఐదు. పొడుగాటి వరసలో పిల్లలు బకెట్లు పట్టుకుని నిలబడ్డారు. స్నానాల గది అద్దాల మీద ఆవిరి పట్టింది. ఎవరో దాని మీద వేలితో తమ పేర్లన్నీ రాసుకున్నారు.

ఉతికిన శాలువాని సొంబారి సోమవారం ఫోటో వరకు కప్పి, ఫోటో అయ్యాక మడిచి బియ్యం డబ్బా మీద పెట్టేది. మేడం చూసీ చూడనట్టు ఊరుకుంది. కబురు గూడేలన్నింటికీ పాకింది. వెళ్ళిన పిల్లలు ఇద్దరూ ముగ్గురూగా తిరిగొచ్చారు. నెల తిరిగేసరికి సొంబారి లెక్క నూట ముప్ఫై నాలుగు. హాజరు పట్టీలో పదకొండో నంబరు పిల్లకి మాత్రం సంబంధం కుదిరిపోయిందట, రాలేదు. మిగిలిన ఐదుగురి కోసం బొంజుబాబు మోటారు సైకిలు మీద తిరుగుతున్నాడు.

ఇంత సుఖంగా ఉన్నప్పుడు నెలవారీ పరిశీలన వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న విశ్రాంత ఉద్యోగులు ఏడాదికి ఒకసారి బతికి ఉంటే చాలు. వైద్యం మంజూరైనవారు నెలనెలా బతకాలి.

పురుషోత్తం గారు నాగభూషణంతో వచ్చారు. మేడం గబగబా శాలువా తెప్పించి కప్పించింది. ముసుగెత్తారు, ఫోను పట్టారు. దయచేసి రెప్ప వేయండి అంది గొంతు. అద్దపు కిటికీలో యాభై ఐదు కదలక మెదలక వెలుగుతోంది. దయచేసి రెప్ప వేయండి. యాభై ఐదు. మూడోసారి కూడా అడిగి ఫోను ఎర్రటి గుర్తు వేసింది. ఈ ముఖము జీవించి ఉన్నట్లు నిర్ధారణ కాలేదు.

పురుషోత్తం గారి మొహం వాడిపోయింది. నెమ్మదిగా శాలువా కిందికి చెయ్యి పోనిచ్చి ఫ్యాను ముందు పెట్టారు. పెట్టీ పెట్టగానే తీసేశారు.

"శరీరము చల్లబడినది. రాసుకో" అన్నారు.

రెండు రుజువులూ కలిశాక ఇక సందేహించడానికి ఏముంటుంది. ఆయన చెప్పులు విప్పి తల వంచుకుని నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం. రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఆ రెండు నిమిషాలూ యంత్రం హాయిగా గుర్రుమంటూనే ఉంది. మౌనానికి భంగం కలిగించినా, పోయినవారు గనక ఆయన ఏమీ అనలేదు.

తర్వాత కర్తవ్యం చెప్పారు. పార్థివ శరీరానికి సాయంత్రంలోగా కరెంటు తీసేసి, గొట్టాలు విడదీసి, లారీలో పట్నం పంపాలి. మరణానంతరం వెలువడిన వేడినీటిని వసతి గృహం విద్యార్థినులు వాడరాదు, అది నిబంధనల్లో లేని నీరు. మరణ ధ్రువపత్రం వచ్చాక కొత్త యంత్రానికి ప్రతిపాదన పంపవచ్చు. అన్నీ సవ్యంగా జరిగితే వచ్చే చలికాలానికి కాకపోయినా పై చలికాలానికి వస్తుంది.

మేడం నా వంక చూసింది. నా జేబులో పెన్నుంది గానీ ఏం రాయాలో తెలీలేదు. బొంజుబాబు మాత్రం దాచిందంతా చెప్పేశాడు. నేనే బాగుచేశాను సార్, అందుకే మెరవడం లేదు, అందుకే గాలి చల్లగా వస్తోంది, ఇవి బాగున్నవాళ్ళ లక్షణాలు సార్ అన్నాడు. శిక్షేమైనా వేసుకోండి, కరెంటు తీయకండి అన్నాడు.

పురుషోత్తం గారు శిక్ష మాట ఎత్తలేదు. ఆయన నిజంగా సాయం చేద్దామనే అనుకుంటున్నారని మొహం చూస్తే తెలుస్తోంది.

"ఆ తీగను మరల తెంపగలవా?"

బొంజుబాబు తెంపగలనన్నాడు.

"తెంపిన రెప్ప వేయుదురా?"

"వేస్తారు సార్. నీళ్ళు మాత్రం చల్లగా వస్తాయి."

"నీళ్ళ ఉష్ణోగ్రతకు గవాక్షంలో గడి లేదు. ప్రాణమునకు ఉన్నది" అన్నారు పురుషోత్తం గారు, దారి దొరికిన ఉత్సాహంతో. తీగ తెంపితే వారు బతుకుతారు, బతికితే వైద్యం కొనసాగుతుంది, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదని మేడానికి నచ్చజెప్పారు. లేనిపక్షంలో ఇప్పుడే పంచనామా రాసి కరెంటు తీయించాల్సి వస్తుంది. రెండింట్లో ఏది కావాలో వసతి గృహం వారే నిర్ణయించుకోవాలి. నాగభూషణం వెళ్ళి మెయిన్ స్విచ్చి పక్కన నిలబడ్డాడు.

చల్లటి నీళ్ళు కావాలని మేడం తన చేత్తో ఎలా సంతకం పెడుతుంది. పెట్టకపోతే వచ్చేదీ చల్లటి నీళ్ళే. ఆయనే జాలిపడి, సరే పంచనామాయే రాద్దాం, మృతుణ్ణి ఆఖరున ప్రాణాలతో చూసినవారి వాంగ్మూలం కావాలి అన్నారు. రోజూ పొద్దున ముందుగా వచ్చేది ఎవరంటే సొంబారి అని తేలింది.

సొంబారి అప్పుడే స్నానాల గదిలోంచి జ్వరం పడి లేచిన పిల్ల కోసం బకెట్టు నింపుకుని బయటికొచ్చింది. పిలిస్తే వచ్చి, బకెట్టు తెచ్చి ఆయన కాళ్ళ ముందు దించింది. పొగలు పైకి లేచి పురుషోత్తం గారి కళ్ళద్దాలు మసకబారాయి. ఆయన తీసి తుడుచుకుంటూ, ఎంతో మర్యాదగా, అమ్మా, వారు బతికే ఉన్నారా, పోయారా, మీకు తెలిసింది చెప్పండి, మీ మాట ఒక్క అక్షరం మార్చకుండా రాస్తాం అన్నారు. నాగభూషణం స్విచ్చి దగ్గర్నుంచే కాగితం గోడకి ఆనించి పెన్ను తెరిచాడు.

సొంబారి యంత్రం వంక చూసింది. శాలువా మీద చెయ్యేసి తీసి భుజాన వేసుకుంది. వాళ్ళిద్దరి వంకా చూసింది.

"సచ్చిపోయిందనే రాసుకోండి బాబూ. మరి మీరు బతికున్నోలు గదా, రేపు తెల్లారి నూట ముప్పై నాలుగు బకెట్లు మీరు కాసి ఇయ్యండి."